షేర్ బజారులో కాలచక్రం — జె. ఎం. హర్స్ట్ నేర్పిన పాఠం

ధర పెరుగుట, తరుగుట వర్తకునికి కొత్త విషయం కాదు. కొత్త పంట యార్డుకు వచ్చిన నెలలో ధర దిగును. నిలవలు తరిగిన నెలలో ఎక్కును. పెండ్లి ముహూర్తాలు దగ్గరపడితే బట్టకు, బంగారానికి గిరాకీ హెచ్చును. తాతల నాటి చిట్టా ఆవర్జాలు తిరగవేస్తే ఈ తేజీ, మందీల వరుస ఏటేటా కనబడుతూనే ఉండును. కాని ఏ పంటకూ, ఏ పండుగకూ సంబంధం లేని షేర్ బజారులో కూడా ధరలు ఒక కాలనియమాన్ని అనుసరించి ఎక్కి దిగుతాయా? అట్లు దిగితే దానిని ముందుగా లెక్క కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు జీవితంలో ఎన్నో ఏండ్లు వెచ్చించిన వారిలో అమెరికా దేశపు ఇంజనీరు జె. ఎం. హర్స్ట్ ముఖ్యులు. ఆయన చెప్పినదేమి, అందులో నిలిచినదెంత, నిలువనిదెంత అనే విషయాన్ని వర్తక కుటుంబాల వారికి ఉపయోగపడే రీతిలో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

హర్స్ట్‌కు ముందు నడిచిన వారు

ధరలలో చక్రాలను వెదకుట హర్స్ట్‌తో మొదలు కాలేదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు క్లెమెంట్ జుగ్లార్ 1862లో వ్యాపార సంక్షోభాలను గూర్చి ఒక గ్రంథం ప్రకటించినారు. రోగికి జ్వరం వచ్చి పోవునట్లు వ్యాపారానికి కూడ ఒక వరుస ఉన్నదని, అది సుమారు 7 నుండి 11 ఏండ్లకు ఒకసారి తిరుగుతున్నదని తరువాతి వారు ఆయన పరిశోధనను బట్టి గ్రహించినారు.

1875లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రపు రైతు సామ్యూల్ బెన్నర్ మరొక పుస్తకం వెలువరించినారు. 1873 నాటి వ్యాపార సంక్షోభంలో బాగా నష్టపోయిన మనిషి ఆయన. నష్టపోయినవాడు సాధారణంగా అదృష్టాన్ని నిందించి ఊరకుండును. బెన్నర్ మాత్రం పాత ధరల పట్టికలు ముందు వేసుకొని కూర్చున్నారు. దుక్క ఇనుము ధర శిఖరాలు 8, 9, 10 ఏండ్ల ఎడంతో మరల మరల వస్తున్నవని ఆయన లెక్క కట్టినారు. బొంబాయి దలాలులు తమ షేర్ సంఘాన్ని స్థాపించుకొన్నది కూడ ఆ 1875లోనే.

అదే కాలంలో ఇంగ్లండులో స్టాన్లీ జెవన్స్ అనే ప్రసిద్ధ ఆర్థికవేత్త సూర్యబింబం మీద మచ్చలు హెచ్చి తగ్గుటకును, వ్యాపార సంక్షోభాలకును సంబంధం కలపజూచినారు. సూర్యుని మార్పు వలన మన దేశపు పంటలు మారుననియు, పంటలు పోతే ఇక్కడి ప్రజలు ఇంగ్లీషు సరుకు కొనజాలరనియు, ఆ దెబ్బ ఇంగ్లండు బజారుకు తగులుననియు ఆయన వాదం. అందుకోసం ఢిల్లీ ధాన్యం ధరలను కూడ పరిశీలించినారు. సంక్షోభాల నడిమి కాలం సుమారు పదిన్నర ఏండ్లని తేలినది. కాని సూర్యుని మచ్చల కాలం సుమారు 11 ఏండ్లు. రెంటిని పొందించుటకు ఆయన పడిన ప్రయాస ఫలించలేదు. మనకు కావలసిన జవాబు ముందే నిశ్చయించుకొని అంకెలను దాని వైపు లాగరాదని చెప్పుటకు ఈ ఉదాహరణ చాలును.

1923లో జోసెఫ్ కిచిన్ బ్రిటిష్, అమెరికా లెక్కలు చూచి సుమారు 40 నెలల చిన్న చక్రమొకటి ఉన్నదని తెలిపినారు. అమెరికా వాణిజ్య శాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ డ్యూయీ 1930 నాటి మహామాంద్యం ఎందుకు వచ్చినదో అంతుబట్టక, కారణం కంటె ముందు కాలాన్ని పట్టుకొనవలెనని తలచి, 1941లో చక్రాల అధ్యయనానికే ఒక సంస్థను నెలకొల్పినారు. అడవిపిల్లుల సంఖ్య మొదలు ఇనుము ధర వరకు అన్నిట చక్రాలను సేకరించుట ఆ సంస్థ పని.

వీరందరు చక్రం ఉన్నదని చెప్పినవారు. దానితో రేపు ఉదయం ఏమి చేయవలెనో వర్తకునికి మెట్టు మెట్టుగా నేర్పినవారు హర్స్ట్.

ఇంజనీరు చేతిలో ధరల పట్టిక

హర్స్ట్ వృత్తిచేత భౌతిక శాస్త్రం, ఎలక్ట్రానిక్సు తెలిసిన ఇంజనీరు. విమాన, అంతరిక్ష రంగానికి చెందినవారు. రేడియో సంకేతాలతో పనిచేసేవారికి ఒక విద్య తెలియును. గాలిలో వచ్చే సంకేతంలో అనేక తరంగాలు కలగాపులగంగా ఉండును. వాటిని వేరు వేరు కాలాల తరంగాలుగా విడదీసి చూడవచ్చును. ఈ విద్యకు మూలం ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 19వ శతాబ్దం మొదటి భాగంలో చూపిన పద్ధతి. ధరల గీత కూడ ఒక సంకేతమే కదా, దానిని మాత్రం ఎందుకు విడదీయరాదు అని హర్స్ట్ ప్రశ్నించుకొన్నారు.

అప్పటికి కంప్యూటర్లు పెద్ద సంస్థలలో తప్ప దొరికేవి కావు. ఆయన అట్టి యంత్రాల సాయంతో అమెరికా డౌ జోన్స్ సూచిక యొక్క 40 ఏండ్లకు మించిన వారపు ధరలను విశ్లేషించినారు. ఆ కృషి ఫలితంగా 1970లో “ది ప్రాఫిట్ మ్యాజిక్ ఆఫ్ స్టాక్ ట్రాన్సాక్షన్ టైమింగ్” అనే గ్రంథం వెలువడినది. పేరులో ఇంద్రజాలమున్నను లోపల ఉన్నది గణితం. పిదప కొద్ది సంవత్సరాలకే చక్రాల మీద సవిస్తరమైన పాఠక్రమాన్ని తయారుచేసి విద్యార్థులకు బోధించినారు. ఆపైన ప్రచారానికి దూరంగా ఉండిపోయినారు. కాని ఆయన పాఠాలు చేతులు మారుతూ నిలిచినవి; నేడు ప్రపంచంలో చక్రాల పద్ధతిని పాటించే వర్తకులలో చాలమంది నేరుగానో పరోక్షంగానో ఆయన శిష్యులే.

సముద్రం చెప్పే లెక్క

హర్స్ట్ పద్ధతికి ప్రాణం కూడిక. ఇది యానాం, కాకినాడ తీరాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. తీరాన నిలిచి చూస్తే అల వచ్చి పోవును. అది క్షణాల చక్రం. ఆ అలలతో కూడ నీరంతా గంటల తరబడి పైకి వచ్చి వెనుకకు పోవును. అది ఆటుపోట్ల చక్రం. పున్నమికి, అమావాస్యకు పోటు హెచ్చును. అష్టమి ప్రాంతాన తగ్గును. చంద్రుని ఆకర్షణ, సూర్యుని ఆకర్షణ ఒకే వరుసన కూడినప్పుడు పెద్దపోటు, ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు చిన్నపోటు. తీరాన ఏ క్షణాన నీటి మట్టమెంత అనునది ఈ చక్రాలన్నిటి మొత్తమే.

ఈ కూడికను యంత్రంతో చేయించవచ్చునని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు కెల్విన్ 1872లో చూపినారు. 1879 నాటికి భారతదేశపు రేవుల కోసం కూడ అట్టి యంత్రమొకటి తయారైనది. ఏడాది ముందుగానే పోటు పట్టికలు అచ్చువేయుట సాధ్యమైనది.

హర్స్ట్ షేర్ ధరను ఈ దృష్టితోనే చూచినారు. ఒక్కొక్క చక్రం తానుగా చూస్తే నునుపైన అల. అన్నీ కలిసినప్పుడు మాత్రమే మనకు కనబడే వంకర టింకర గీత. కాబట్టి గీతను చూచి బెదరక, అందులోని అలలను వేరుచేయవలెను. అన్ని చక్రాలు ఒకేసారి పైకి తిరిగే వేళ కొనవలెను; అన్నీ శిఖరం దాటే వేళ అమ్మవలెను. ఒకటి పైకి, ఒకటి క్రిందికి లాగే వేళ చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. చేతులు ముడుచుకొనుట కూడ వ్యాపారంలో భాగమని ఆయన పాఠంలో ఒక ముఖ్యాంశం.

ఎనిమిది సూత్రాలు

తన పరిశోధనను హర్స్ట్ ఎనిమిది సూత్రాలుగా కుదించినారు. వాటిని మన మాటలలో ఇట్లు చెప్పుకొనవచ్చును.

మొదటిది: అన్ని షేర్ల ధరలలోను సామాన్యమైన పోలికలు కొన్ని ఉన్నవి. ఇనుము కంపెనీ షేరైనను, మందుల కంపెనీ షేరైనను గీతల నడక ఒకే తీరు. రెండవది: ధర యొక్క కదలికలో చక్రాలు కలవు. మూడవది: ఆ చక్రాలు ఒకదానితో ఒకటి కూడును, పైన చెప్పిన సముద్రపు లెక్క ఇదే.

నాలుగవది: పక్క పక్క చక్రాల కాలాలకు నడుమ చిన్న పూర్ణాంకపు నిష్పత్తి ఉండును, సాధారణంగా రెండు, ఒక్కొక్కప్పుడు మూడు. ఐదవది: చక్రాల అడుగులు, అనగా లోయలు, సాధ్యమైనంత వరకు ఒకే సమయాన కలియును. ఆరవది: కాలం పెద్దదైన కొలది అల ఎత్తు కూడ పెద్దది. ఏడవది: బజారంతటికి వర్తించే నామమాత్రపు కాలాల వరుస ఒకటి కలదు. ఎనిమిదవది: పై ఏడింటికిని వ్యత్యాసాలు ఉండును.

ఏడవ సూత్రంలోని వరుసను ఆయన ఇట్లు ఇచ్చినారు: 18 ఏండ్లు, 9 ఏండ్లు, 54 నెలలు, 18 నెలలు, 40 వారాలు, 20 వారాలు, 80 రోజులు, 40 రోజులు, 20 రోజులు, ఇంకను చిన్నవి. 18 ఏండ్లలో సగం 9. 9 ఏండ్లలో సగం 54 నెలలు. 54లో మూడవ వంతు 18 నెలలు. అందులో సగం 9 నెలలు, అనగా సుమారు 40 వారాలు. ఇట్లు నిచ్చెన మెట్ల వలె దిగును.

ఐదవ సూత్రం ఫలితం గమనింపదగినది. లోయలు కలిసి వచ్చును గాని శిఖరాలు అట్లు కలియవు. అవి చెదరి ఉండును. అందువలన చక్రాన్ని కొలిచేటప్పుడు శిఖరం నుండి శిఖరానికి గాక లోయ నుండి లోయకు కొలవవలెను. సాధారణ వర్తకుని కన్ను శిఖరం మీదనే ఉండును. హర్స్ట్ మన చూపును అడుగుకు మళ్లించినారు.

ఎనిమిదవ సూత్రాన్ని చాలమంది చదివి మరచిపోవుదురు. 20 వారాల చక్రం అనగా అన్నిసార్లు సరిగా 20 వారాలు కాదు. 17 కావచ్చును, 24 కావచ్చును. పేరు మాత్రం 20. ఆచార్యుడే చెప్పిన ఈ హెచ్చరికను విడిచి మిగిలిన ఏడింటిని పట్టుకొనువాడు పఞ్చాంగం చూచినట్లు తేదీ చూచి డబ్బు పెట్టును.

సగటు లెక్క — ఒక చిన్న ఉదాహరణ

చక్రాన్ని గీత నుండి వేరుచేయుటకు హర్స్ట్ వాడిన ముఖ్య సాధనం చలన సగటు. లెక్క చేసి చూస్తేనే దీని సొగసు, దీని ప్రమాదం రెండును తెలియును. కాగితం, పెన్సిలు తీసుకొనుడు.

ఒక షేరు రోజుకొక రూపాయి చొప్పున నిలకడగా పెరుగుతున్నదనుకొందము. దానిపైన 4 రోజుల చిన్న చక్రమొకటి ఉన్నదనుకొందము: మొదటి రోజు ఏమియు కలపదు, రెండవ రోజు 2 రూపాయలు కలుపును, మూడవ రోజు ఏమియు కలపదు, నాలుగవ రోజు 2 రూపాయలు తీయును. 100తో మొదలుపెడితే ఎనిమిది రోజుల ధరలు ఇవి: 100, 103, 102, 101, 104, 107, 106, 105.

ఈ అంకెలను మాత్రమే చూచిన వర్తకుడు రెండవ రోజు ఉత్సాహపడును. నాలుగవ రోజు దిగులుపడును. ఇప్పుడు నాలుగేసి రోజుల సగటు తీయుదము. ఒకటి నుండి నాలుగు రోజుల మొత్తం 406, సగటు 101.5. రెండు నుండి ఐదు వరకు మొత్తం 410, సగటు 102.5. తరువాతి సగటులు వరుసగా 103.5, 104.5, 105.5. చూడుడు, చక్రం మాయమైనది! రోజుకొక రూపాయి పెరుగుదల మాత్రమే నిర్మలంగా మిగిలినది. చక్రం కాలం ఎంతయో అంత కాలానికే సగటు తీసినందువలన పైకి పోయినదానికి క్రిందికి వచ్చినది చెల్లిపోయినది.

ఇక ఆ సగటును ఎక్కడ వ్రాయవలెను? బజారులో చాలమంది మొదటి సగటు 101.5ను నాలుగవ రోజు క్రింద వ్రాయుదురు. కాని నాలుగవ రోజు అసలు నడక 103. సగటు ఒకటిన్నర రూపాయి వెనుకబడినది. హర్స్ట్ దానిని నడుమ, అనగా రెండవ మూడవ రోజుల మధ్య వ్రాయవలెనన్నారు. అక్కడ అసలు నడక సరిగా 101.5. అణువంత తేడా లేదు.

నడుమ వ్రాసిన సగటును అసలు ధర నుండి తీసివేస్తే మనం దాచిన చక్రం తిరిగి బయటపడును. నాలుగవ రోజున సగటు 103, ధర 101; తేడా రెండు రూపాయలు తక్కువ. ఆరవ రోజున సగటు 105, ధర 107. తేడా రెండు ఎక్కువ. మనం కలిపినదే మనకు తిరిగి దొరికినది.

ఇంతవరకు ఆనందమే. ఇప్పుడు ఏడవ, ఎనిమిదవ రోజులకు సగటు వ్రాయుడు. వ్రాయలేరు. ఏడవ రోజుకు నడిమి సగటు కావలెనంటే తొమ్మిదవ రోజు ధర తెలియవలెను. ఎనిమిదవ రోజుకు పదవ రోజు ధర కూడ తెలియవలెను. అవి ఇంకను రాలేదు. గడిచినదంతా స్పష్టం, డబ్బు పెట్టవలసిన నేటి రోజు మాత్రం చీకటి. 4 రోజుల చక్రానికి చీకటి రెండు రోజులు. 40 వారాల చక్రానికి చీకటి 20 వారాలు. ఆ చీకటిలో గీతను అంచనాతో పొడిగించుటయే చక్రాల వర్తకుని పని. ఇతరులు గీసిన పాత పటాలలో లోయలన్నీ చక్కగా గుర్తులు పెట్టి చూపినప్పుడు ఈ సంగతి మరువరాదు. అవి లోయ దాటిన పిదప పెట్టిన గుర్తులు.

సగం చక్రం ముందుకు జరిపిన గీత

ఈ చిక్కును కొంత తీర్చుటకు హర్స్ట్ తన పాఠక్రమంలో ఒక ఉపాయం చెప్పినారు. ధరల గీతనే తీసుకొని, చక్రం కాలంలో సగం ముందుకు జరిపి మరల గీయవలెను. 20 రోజుల చక్రమైతే 10 రోజులు ముందుకు. చక్రంలో సగం జరిపితే లోయ ఉన్నచోటికి శిఖరం, శిఖరం ఉన్నచోటికి లోయ వచ్చును. కాబట్టి అసలు ధర లోయ నుండి లేచి ఈ జరిపిన గీతను దాటే చోటు, ఎక్కుడు సరిగా సగం పూర్తయిన చోటు.

లోయ 200 రూపాయలు, దాటిన చోటు 220 అనుకొందము. వచ్చినది 20, కనుక ఇంకొక 20 పోయి 240 దగ్గర ఆగవచ్చునని అంచనా. దీనిలో మంచి గుణమేమనగా, అంచనా తప్పితే అదియు సమాచారమే. 240 చేరకముందే ధర వెనుదిరిగితే, పైనున్న పెద్ద చక్రం క్రిందికి లాగుతున్నదని గ్రహింపవచ్చును. 240 దాటి పోతే పెద్ద చక్రం పైకి నడుస్తున్నదన్నమాట. లాభనష్టాలు రెంటిని లెక్కలోనికి తెచ్చిన ఈ వినయం హర్స్ట్ విద్యలో మెచ్చదగినది.

ఆక్షేపణలు

ఏ విద్యనైనను దాని విమర్శతో కూడ చదువవలెను. హర్స్ట్ పుస్తకానికి చాల ముందే, 1927లో, రష్యా దేశపు గణాంకవేత్త యెవ్‌గెనీ స్లుట్‌స్కీ ఒక విచిత్రమైన పరిశోధన ప్రకటించినారు. ప్రభుత్వ లాటరీలో తీసిన అంకెలను, అనగా ఏ నియమమును లేని అంకెలను తీసుకొని, పదేసి చొప్పున కూడుతూ ముందుకు సాగి గీత గీసినారు. ఆ గీతలో అలలు లేచినవి! 19వ శతాబ్దపు ఇంగ్లండు వ్యాపార సూచిక గీత పక్కన పెడితే రెండును తోబుట్టువుల వలె ఉన్నవి. లాటరీలో చక్రం లేదు; కూడుట వలన, సగటు తీయుట వలన చక్రం పుట్టినది. మనం సగటు తీసి చక్రాన్ని కనుగొన్నామనుకొనునప్పుడు, కనుగొన్నామా, పుట్టించినామా అని అడుగుకొనవలెను.

1963లో క్లైవ్ గ్రాంజర్, ఆస్కార్ మార్గెన్‌స్టెర్న్ అనే పండితులు న్యూయార్కు షేర్ ధరలను, తరంగాలుగా విడదీసే ఆ పద్ధతితోనే పరిశీలించినారు. 40 నెలల చక్రంవంటివి ఉన్నను వాటి బలం అత్యల్పమని, స్వల్పకాలంలో ధరల నడక దిక్కులేని నడకను పోలి ఉన్నదని వారి తీర్మానం. అదే కత్తితో కోసి హర్స్ట్ ఒకటి చూచినారు, వీరొకటి చూచినారు.

డ్యూయీ సంస్థ అనుభవం మరింత నేర్పును. షేర్ ధరలలో సుమారు 41 నెలల చక్రమొకటి దశాబ్దాల పాటు ముచ్చటగా నడిచినది. 1946 ప్రాంతాన అది తడబడి, ఆపైన తలక్రిందులైనది. శిఖరం రావలసిన చోట లోయ, లోయ రావలసిన చోట శిఖరం వచ్చుట మొదలైనది. ముప్పది ఏండ్లు నమ్మకంగా పనిచేసిన గుమాస్తా ఒక్కనాడు ఖాతాలు తిరగవేసినట్లయినది. పోటు పట్టికకు ఈ భయం లేదు. చంద్రుడు మనసు మార్చుకొనడు. బజారులో కొనువారు, అమ్మువారు మార్చుకొందురు. పైగా ఒక చక్రం ఉన్నదని అందరికి తెలిస్తే, లోయకు రెండు రోజుల ముందే కొందరు కొందురు. వారికంటె ముందు మరికొందరు కొందురు. ఆ తొందరలో లోయయే చెదరిపోవును.

75 పాళ్ల సంగతి

నిజమునకు హర్స్ట్ తన చక్రాలకు బజారును సర్వం అప్పగించలేదు. ఆయన లెక్క ప్రకారం ధర కదలికలో సుమారు 75 పాళ్లు కంపెనీల అసలు స్థితిగతులు, దేశకాల పరిస్థితుల వలన కలిగే దీర్ఘమైన నడక. సుమారు 23 పాళ్లు చక్రాలు. 2 పాళ్లు ఆకస్మికం. ఈ భాగాలను ఇతరులు అంగీకరింపకపోవచ్చును. కాని చక్రాల ఆచార్యుడు సైతం చక్రానికి ఇచ్చినది నాలుగవ వంతు లోపేనన్న మాట మరువదగినది కాదు.

తక్కిన 75 పాళ్లు ఏమి చేయగలవో మన దేశపు వర్తకులు 1865లోనే చూచినారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగా, ఇంగ్లండు మిల్లులకు మన పత్తి కావలసి వచ్చినది. బొంబాయిలో బంగారు వాన కురిసినది. ఆ ధనం షేర్లలోకి పారినది. సూరత్‌లో పుట్టిన జైన వర్తకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఆ బజారుకు మకుటం లేని రాజుగా వెలిగినారు. సముద్రాన్ని పూడ్చి నేల చేయదలచిన బ్యాక్ బే కంపెనీ 5,000 రూపాయల షేరు సుమారు 50,000 వరకు ఎగిరినది. 1865లో యుద్ధం ముగిసినది. పత్తి ధర కూలినది. ఆ ఏడు జూలై 1వ తేదీ వాయిదా లావాదేవీలు చెల్లింపవలసిన నాడు చెల్లించువారు లేకపోయినారు. అదే షేరు 2,000 రూపాయల లోపునకు దిగినది. ఎన్నో కుటుంబాలు వీథిన పడినవి. ఏ చక్రమైనను ఆ యుద్ధం ఎప్పుడు మొదలగునో ఎప్పుడు ముగియునో చెప్పి ఉండెడిది కాదు. పత్తి ఎందుకు పెరిగినదో అడిగి, ఆ కారణం ఎన్నాళ్లుండునో ఆలోచించినవాడు మాత్రమే బయటపడగలిగెడివాడు.

కారణం తెలిసిన చక్రం, తెలియని చక్రం

కాబట్టి చక్రాలను రెండు జాతులుగా విడదీయుట మంచిది. గుంటూరు మిర్చిని చూడుడు. ఒక ఏడు ధర బాగుంటే మరుసటి ఏడు రైతులు ఎక్కువ ఎకరాలలో వేయుదురు. సరుకు ముంచెత్తి ధర పడును. ధర పడితే ఆపై ఏడు విస్తీర్ణం తగ్గి మరల ధర లేచును. ఈ చక్రానికి కారణం కంటికి కనబడును. ఎన్ని ఎకరాలు వేసినారో, శీతల గిడ్డంగులలో నిలవ ఎంతయో విచారించి చక్రం ఈసారి నడుచునో తప్పునో ముందే గ్రహింపవచ్చును.

షేర్ బజారులోని 20 వారాల చక్రానికి అట్టి కారణం హర్స్ట్ చూపలేదు. ఉన్నదని చూపినారు, ఎందుకున్నదో చెప్పలేదు. కారణం తెలియని చక్రం తప్పినప్పుడు, ఎందుకు తప్పినదో కూడ తెలియదు. మొదటి జాతి చక్రం మీద వర్తకం నడుపవచ్చును. రెండవ జాతి దానిని, తక్కిన విచారణ అంతా పూర్తి చేసి కొనదలచిన షేరును ఈ వారం కొనవలెనా, నాలుగు వారాలు ఆగవలెనా అనునంత వరకే వాడుకొనుట క్షేమం.

ఈ విచక్షణ నేడు మరింత అవసరం. ఫోనులో వ్రేలు తాకిస్తే చాలు, హర్స్ట్‌కు పెద్ద యంత్రం కావలసి వచ్చిన లెక్క క్షణంలో తెర మీదికి వచ్చును. ఆ వేలితోనే వాయిదా బేరం కూడ జరిగిపోవును. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుండి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో వాయిదా, ఆప్షన్ బేరాలు చేసిన కోటికి మించిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయినారు. ఖర్చులతో కలిపి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినది. వీరిలో పటాలు చూడనివారు, సగటు గీతలు ఎరుగనివారు తక్కువే అయి ఉందురు. లెక్క రాకపోవుట కాదు, లెక్కకు మించి పందెం ఒడ్డుట వారి నష్టానికి మూలం.

ఇంట చేయదగిన అభ్యాసం

షేర్ బజారులో ఆసక్తి గల యువకులు, యువతులు ఒక్క రూపాయి పెట్టకముందు ఈ అభ్యాసం చేయవలెనని మనవి.

ఒకటి: మీ ఇంటి వ్యాపారపు సరుకు ఒకదానిని తీసుకొని పాత ఖాతాల నుండి మూడేండ్ల వారపు ధరలు వరుసగా వ్రాయుడు. లోయలకు గుర్తు పెట్టి, లోయ నుండి లోయకు ఎన్ని వారాలో లెక్కించుడు. ప్రతి లోయకు ఎదురుగా కారణమేమో ఇంటి పెద్దలను అడిగి వ్రాయుడు.

రెండు: మీకు నచ్చిన ఒక షేరు ధరలను అట్లే మూడేండ్లకు వ్రాసి లోయలు గుర్తించుడు.

మూడు: ఒక నాణెం తీసుకొని 150 సార్లు ఎగురవేయుడు. బొమ్మ పడితే ఒకటి కలుపుడు, బొరుసు పడితే ఒకటి తీయుడు. 100తో మొదలుపెట్టి మొత్తాన్ని వరుసగా వ్రాసి గీత గీయుడు. దీనిలో కూడ లోయలు గుర్తించుడు.

నాలుగు: మూడు కాగితాల మీది పేర్లు దాచి, ఏది సరుకు, ఏది షేరు, ఏది నాణెం అని ఇంటిలోని మరొకరిని అడుగుడు. షేరుకును నాణానికిని తేడా చెప్పుట ఎంత కష్టమో మీకే తెలియును.

ఐదు: షేరు కాగితం మీద తరువాతి లోయ ఏ వారం వచ్చునో తేదీ వేసి వ్రాసి, కవరులో పెట్టి, పెద్దల చేతికి ఇవ్వుడు. ఇట్లు పది అంచనాలైన పిదప కవర్లు విప్పి, ఎన్ని నిజమైనవో లెక్క చూచుకొనుడు. వ్రాయకుండ మనసులో వేసుకొనిన అంచనాలు ఎప్పుడును నిజమైనట్లే తోచును. కాబట్టి వ్రాత లేని అంచనాను ఖాతాలో చేర్చరాదు.

పదింటిలో ఎన్ని నిలిచినవో చూచుకొనిన పిదప, ఎంత సొమ్ము పెట్టవలెనో, అసలు పెట్టవలెనో లేదో మీకు వేరొకరు చెప్పనక్కరలేదు. ధరలను భయముతోను, ఆశతోను గాక కొలతతో చూడుడని హర్స్ట్ నేర్పినారు. ఆయన చెప్పిన కాలాలు కొన్ని తప్పినను, కొన్ని ఇకముందు తప్పినను, ఆ కొలిచే అలవాటు వర్తకునికి నష్టం తెచ్చేది కాదు.